హ్యాండ్‌గన్‌కి బైపాడ్ ఎందుకు?

పోయిన ఎపిసోడ్ చూసి కొందరు అడిగారు, "రైఫిల్‌కి బైపాడ్ అంటే సరే, హ్యాండ్‌గన్‌కి ఎందుకండీ?" అని. నేనుండేది టెక్సాస్‌లో. లైసెన్సు ఉండి, సీజన్ అయితే ఇక్కడ హ్యాండ్‌గన్‌తో జింకను వేటాడొచ్చు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం అది నేరం, గుర్తుంచుకోండి.

నాది థాంప్సన్ సెంటర్ కంటెండర్. ఒకసారికి ఒకటే తూటా, పైన స్కోపు. రైఫిల్‌ని భుజానికి ఆనించుకుంటాం. దీనికి ఆ ఆసరా లేదు. చేతులు చాపి పట్టుకుంటే గుండె కొట్టుకోవడం కూడా స్కోపులో తెలిసిపోతుంది. అందుకే బ్యారెల్ కింది చెక్కకి మడత కాళ్ళ బైపాడ్ బిగించాను.

మొదటి ఏడాది ఏం చేశానంటే, ఇంచుమించు 80 గజాల్లో జింక, కాళ్ళు బండరాయి మీద పెట్టి కాల్చాను. గన్ ఎగిరింది, తూటా దాని వీపు మీదుగా పోయింది. పోనీ తప్పిపోయింది, అదే పొట్టలో తగిలి పారిపోయి ఉంటే? తర్వాత రేంజ్‌కి వెళ్ళి చూశా. ఇసుక సంచి మీద సరిచేసుకున్న గురి గట్టి బండ మీద పైకి పోతోంది!

ఇప్పుడు మెత్తటి నేల చూసుకుంటాను, లేదా కాళ్ళ కింద జాకెట్ మడిచి పెడతాను. పిడి కింద బ్యాక్‌ప్యాక్ ఉండాల్సిందే. బైపాడ్ ముందువైపునే నిలబెడుతుంది, వెనకవైపు ఊగుతూనే ఉంటుంది. ఇంకోటి, ఈ పొట్టి కాళ్ళు పడుకుని కాల్చడానికే. గడ్డి ఎత్తుగా ఉంటే ఏమీ కనబడదు. అలాంటప్పుడు కాల్చను, ఊరికే చూసి వచ్చేస్తాను. మా ఆవిడ అదే నయం అంటుంది లెండి.

రివాల్వర్ వాడేవాళ్ళకి ఒక మాట. సిలిండర్ ముందు సందులోంచి వేడి గ్యాస్ చిమ్ముతుంది, వేళ్ళు అటు పోనివ్వకండి. వచ్చేసారి రేంజ్‌లో కాల్చి చూపిస్తాను.