బాలింతకు హాజరెలా?



నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో మా పాప పుట్టింది. సెలవు అడిగితే "రూల్సులో లేదమ్మా" అన్నారు ఆఫీసులో. ఆ రూల్సు రాసినవాళ్ళకు పురుడనేది తట్టనే లేదన్నమాట.

2016లో యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు చేర్చింది. 2022 నిబంధనల్లోనూ అది ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా తగిన నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది.

లేఖ దానంతటదే నియమమైపోదు. విషయం అకడమిక్ కౌన్సిల్ ముందుకు రావాలి, చర్చ జరగాలి, తీర్మానం కావాలి. అది జరగనిచోట బాలింత హాజరు చాలక పరీక్షకు దూరమవుతుంది. చదువు ఆగిపోతే దాన్ని ఆమె "సొంత సమస్య" అంటారు.

కాబట్టి మీ ప్రాంతంలోని విశ్వవిద్యాలయాన్ని మూడు ప్రశ్నలు అడగండి. నియమం చేశారా? ఏ సమావేశంలో చేశారు? మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారు? ప్రభుత్వ విశ్వవిద్యాలయం జవాబివ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

తీర్మానం ప్రతి చేతికొచ్చిన రోజునే ఆ సెలవు దయ కాదు, హక్కు అని గట్టిగా చెప్పగలం.