మారేడుమిల్లి సంత

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన వారికి కొండ యనగా ఆకాశపుటంచున నీలిగీతవలె కనబడు వస్తువు. మా నిడదవోలులో ఎత్తైన చోటేది యని యెవరైన నడిగినచో, రైలు స్టేషనులోని మెట్లవంతెనను చూపవలసినదే. కాలువ, వరిచేను, కొబ్బరిచెట్టు, మరల కాలువ. అట్టి మేము నలుగురము మాఘమాసము చివర రెండు దినములు తీరిక చిక్కుటచే మారేడుమిల్లికి పోయి వచ్చితిమి.

రాజమహేంద్రవరము నుండి కోరుకొండ, గోకవరముల మీదుగా బస్సు పోవును. గోకవరము దాటినంతనే వరిచేలు పలుచబడి, అడవి మొదలిడును. రంపచోడవరమున బస్సు కొంతసేపు నిలిచినది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో అడ్డతీగల మీదుగా వచ్చి ప్రవేశించిన ఊరిదే. నేడు అచట గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము, దుకాణములు, ఆటోలు. అచటి నుండి దారి మలుపులు తిరుగుచు పైకెక్కును.

మారేడుమిల్లి చిన్న ఊరు. పెద్ద వీధి యొక్కటే. అదియే చింతూరు మీదుగా భద్రాచలము పోవు దారి. తెల్లవారుజామున మంచు ఆ వీధిలోనికి దిగివచ్చి, ఎదుటి కొట్టు బల్ల కూడ కనబడకుండ చేసెను. చూడ వచ్చినవారు జలపాతములకు పోవుదురు, మేమును పోయితిమి. చల్లగా నున్నవి. ఆ ఋతువున నీరు సన్నముగా పడుచుండెను. బొంగులో కోడి సంగతి మాత్రము చెప్పక తప్పదు. పచ్చివెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసము కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పులపై త్రిప్పుచుందురు. నూనె లేదు, నీరు లేదు. వెదురులోని తడియే ఉడికించును. బొంగు పైభాగము నల్లబడినప్పుడు దానిని చీల్చి ఆకులో వేయుదురు. ఆ వాసన యింటికి తెచ్చుకొనుట సాధ్యము కాదు.

రెండవనాడు సంత. కొండరెడ్లు, కోయలు తెల్లవారకముందే గూడెముల నుండి నడచి దిగిరి. చింతపండు, కరక్కాయ, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు. మాలో నొకరు ఒక ముసలమ్మ ముందర కూర్చుండి చింతపండు కుప్ప ధర యడిగిరి. "ఎనభై, బాబూ" అని ఆమె చెప్పెను. మా మిత్రుడు అరువది యనెను. ఆమె కొంతసేపు నేల చూచి డెబ్బదికి ఒప్పుకొనెను. "కొసరు వెయ్యి అవ్వా" యని మా మిత్రుడు అలవాటు చొప్పున సంచి చాపెను. ఆమె మాటాడక రెండు చేతులనిండ తీసి మరల వేసెను.

అప్పుడు మాకేమియు తోచలేదు. సాయంకాలము బసలో కూర్చుండి ఈ ప్రాంతపు చరిత్ర చెప్పుకొనుచున్నప్పుడు తోచినది. ఈ కొండలవారికి జీలుగుకల్లు తిండితో సమానము. ప్రభుత్వము కల్లును గుత్తకిచ్చి, తమ యింటికొఱకు గీసికొనుటకు కూడ అడ్డుపెట్టగా, రంప మన్సబుదారు పన్నులు దానికి తోడైనవి. 1879 మార్చిలో ముఠాదారులు తిరుగబడిరి. ఆనాటి అధికారుల విచారణలో మరియొక కారణము కూడ బయల్పడినది. అది మన పల్లపు వారికి సంబంధించినది. మైదానపు వర్తకులు కొండవారితో న్యాయము లేని ఒడంబడికలు చేసికొని, దావాలు వేసి, ప్రతివాది రాకయే డిక్రీలు పొంది, చేతికందిన సొత్తునెల్ల జప్తు చేయించెడివారట. కోర్టనగా నేమో యెఱుగని మనిషి వాయిదాకెట్లు పోవును? 1917 నాటి ఏజెన్సీ భూముల చట్టము, 1959 నాటి రెగ్యులేషను, దానికి 1970లో చేసిన సవరణ, ఇవన్నియు కొండవాని భూమి పల్లపువాని చేతికి పోకుండ కట్టిన గట్లు. అటవీ ఫలములు కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినదియు ఇట్టి బేరములకు బదులుగానే. మేము ఉదయమున చేసిన బేరము చిన్నది. దాని పద్ధతి మాత్రము పాతదే.

తిరుగు బస్సు కొఱకు టీ దుకాణమున నిలిచియుండగా ఒక యువకుడు మమ్ము పలుకరించెను.

"ఏ ఊరండి తమరిది?"

నిడదవోలు అంటిమి.

"కాలవల దేశం కదండీ. మాది దేవీపట్నం వైపండి. ఊరు నీళ్ళల్లోకి పోయిందండి. కాలనీలో ఇల్లిచ్చారు. గోడలు బాగానే ఉన్నాయండి. ఇంటెనక వెదురు లేదండి, ఏరు లేదండి."

1981లో శంకుస్థాపన జరిగి, 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడిన పోలవరము జలాశయమున పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లుగా నిర్ణయింపబడినది. ఆ సంఖ్యను పత్రికలలో మేము పలుమార్లు చదివియుంటిమి. దాని క్రింద ఇంటివెనుక వెదురుపొద యొకటి యుండునని మాకు తోచియుండలేదు. 1852 నాటికి కాటను దొర ధవళేశ్వరపు ఆనకట్ట ముగించిన పిమ్మట మా తాతముత్తాతల చేలకు నీరు వచ్చినది. పైయేటి వారికి ఆ సంగతి చెప్పవలెనని ఆనాడెవరును అనుకొనియుండరు.

"దాళ్వాకి నీళ్ళు సరిపోతాయా అండి మీకు?" అని యా అబ్బాయి యడిగెను.

కొన్ని యేండ్లు వంతులవారీగా ఇత్తురని చెప్పితిమి.

"కట్ట పూర్తయితే ఇబ్బంది ఉండదంటండి."

ఉండదనియే చెప్పుచున్నారని మేమంటిమి. అతడు తల యూపి, మా సంచిని బస్సుపైకి అందించెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే మేము గోకవరము చేరువరకు ఒకరితో నొకరము మాటాడలేదు.

ఇంటికి వచ్చి చింతపండు తూచితిమి. కిలోన్నర తూగినది. మా బజారు ధరను లెక్కవేసి, మా మిత్రుడు కాగితము మడచి జేబులో పెట్టుకొనెను. మరుసటి సంతకు మరల పోవుదమని అతడే అనుచున్నాడు.