‘రేపు రండి’ అనే మాటలోనే లంచం



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది గ్రూప్స్ రాస్తారు. కొందరు సచివాలయంలోనో తహసీల్దారు ఆఫీసులోనో కుర్చీ ఎక్కుతారు. ఆ కుర్చీ గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఊరి భూముల లెక్కలు ఒకప్పుడు కరణం చేతిలో ఉండేవి. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయ్యాయి. 2011 నవంబరు 4న మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి నుంచి ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనూ అందుతున్నాయి.

ఇన్ని మార్పులు వచ్చినా చేతులు తడపడం ఎందుకు ఆగలేదు? జవాబు మీసేవలోనే ఉంది. అందులో సేవలు రెండు రకాలు. అడంగల్, 1బి నకళ్లు ‘ఎ’ రకం. డబ్బు కడితే అప్పటికప్పుడు చేతికొస్తాయి, ఎవరినీ బతిమాలే పని లేదు. మ్యుటేషన్ లాంటివి ‘బి’ రకం. విచారణ జరగాలి, అధికారి ఒప్పుకోవాలి. మామూళ్లు బతికేది అక్కడే. నోరు తెరిచి అడిగేవాళ్లు తక్కువ. ‘సర్వర్ డౌన్’, ‘సార్ క్యాంపుకెళ్లారు’, ‘రేపు రండి’ అంటారు. కూలి పోగొట్టుకుని పదేపదే తిరిగిన రైతు చివరికి తనే జేబులో చెయ్యి పెడతాడు.

కాగితాలకు భద్రత లేకపోయినా రైతు అలాగే తిరగాల్సి వస్తుంది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఆ ఫైళ్ల వెనుక ఎందరి పొలాలున్నాయో ఆలోచించండి.

అందుకే మిమ్మల్ని కోరేది మూడే. వచ్చిన అర్జీలను వచ్చిన వరసలోనే చూడండి. గడువులోగా తేల్చండి. కాదనాల్సి వస్తే కారణం రాసివ్వండి. రాతలో ఉన్న కారణం మీద అప్పీలు చేసుకోవచ్చు, ‘రేపు రండి’ మీద చేసుకోలేం.

ఉద్యోగంలో చేరనివాళ్లకూ బాధ్యత ఉంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో జరిగిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే చట్టం వారిని కాపాడుతుంది. ఫిర్యాదుకు అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064. ఫైలు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి.

మీ ఊళ్లో అర్జీ రాయడం రానివాళ్లుంటారు. ఈ పట్టాతో మీరు చేయగల మొదటి మేలు వాళ్ల పక్కన నిలబడటమే. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.