కొండ అడవుల్లో పరిశోధన: మన పిల్లలకు దారి ఉందా?
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశంలో పీహెచ్‌డీల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అడవి ఎవరిదని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. అడవి గురించిన జ్ఞానాన్ని ఎవరు పోగుచేస్తున్నారు, ఎవరి పేరుతో రాస్తున్నారు అన్నది కూడా అంతే ముఖ్యమైన ప్రశ్న.

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని రేణీ గ్రామం గురించి మీకు తెలుసు. 1974 మార్చి 26న మగవాళ్లు ఊళ్లో లేనప్పుడు, గౌరాదేవి నాయకత్వాన స్త్రీలు కాంట్రాక్టరు మనుషులకు అడ్డునిలిచి చెట్లు నరకనివ్వలేదు. ఆ రేణీ దగ్గరే 2021 ఫిబ్రవరి 7న, కొండపై నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడి, రిషిగంగ వరదై దూకింది. 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. వారిలో ఎక్కువమంది జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లు. గొడ్డలి కంటికి కనిపిస్తుంది, అడ్డుకోవచ్చు. కొండమీద మెల్లగా వచ్చే మార్పు ఏళ్ల తరబడి కొలిస్తేగాని తెలియదు. ఆ కొలిచేవాళ్లలో స్త్రీలు ఉండాలి.

ఎందుకంటారా? ఆ కొండల్లో బాంజ్ అనే ఓక్ చెట్టుంది. దాని ఆకు పశువులకు మేత, కట్టె పొయ్యిలోకి, రాలిన ఆకు పొలానికి ఎరువు. పక్కనే పెరిగే చిర్ పైన్ కలపకూ, బంకకూ పనికొస్తుంది. దాని ఆకు మేతకు పనికిరాదు. నేలరాలిన ఎండు సూదులు వేసవిలో ఇట్టే అంటుకుంటాయి. ఈ తేడా మోపు మోసే స్త్రీకి బాగా తెలుసు. బాంజ్ మొక్కలు ఎక్కడ నిలదొక్కుకోవడం లేదు, మంటల తర్వాత ఏ మొక్క ముందు లేస్తుంది, ఏ ఊట ఎందుకు ఎండిపోతోంది అన్నవి ఆమె రోజూ ఎదుర్కొనే సమస్యలు. ఇవి డాక్టరేటుకు తగిన ప్రశ్నలు కూడా.

ఈ చదువుకు చోట్లున్నాయి. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధనా సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ ఉన్నాయి. అల్మోడా దగ్గర గోవింద వల్లభ్ పంత్ హిమాలయ పర్యావరణ సంస్థ, శ్రీనగర్ గఢ్వాల్‌లో హేమవతీ నందన్ బహుగుణ విశ్వవిద్యాలయం ఉన్నాయి. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే, 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. స్త్రీలకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంది. అక్కడ నేర్చిన పద్ధతులు మన పాడేరు, అరకు కొండలకూ పనికొస్తాయి.

అయితే డబ్బు ఒక్కటే అడ్డంకి కాదు. "ఆడపిల్ల ఒంటరిగా అడవిలో నెలల తరబడి ఉంటుందా?" అని ఇంట్లో అడుగుతారు. కొందరు గైడ్లూ అదే మాట అంటారు. దీనికి జవాబు పిల్లను ఆపడం కాదు, ఆమె ఉండే చోటును క్షేమంగా ఉంచమని అడగడం. 2013 చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్లిన ప్రతి చోటూ పనిస్థలమే. లైంగిక వేధింపులపై యూజీసీ 2015 నిబంధనలు విద్యార్థులు క్షేత్ర పర్యటనకు వెళ్లిన చోటుకూ వర్తిస్తాయి. కొండమీది గుడారంలో జరిగినా ఫిర్యాదుల కమిటీ విచారించాల్సిందే. యూజీసీ 2022 నిబంధనల్లో స్త్రీలకు పీహెచ్‌డీ గడువు మరో రెండేళ్లు పెంచుకునే వీలూ, ప్రసూతికీ పిల్లల సంరక్షణకూ 240 రోజుల వరకూ సెలవూ ఉన్నాయి. ఇవి ఎవరూ దయతలచి ఇచ్చేవి కావు. ముందే తెలిస్తేనే అడగగలం.

ఇంకొక హక్కును కూడా మరవకూడదు. మోపు మోసే స్త్రీ చెప్పింది రాసుకుని, ఆమెను థీసిస్‌లో "స్థానికులు" అన్న ఒక్క మాటకు కుదించడం అన్యాయం. సంప్రదాయ జ్ఞానంపై అడవి సమూహాలకు సామూహిక హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. మన అమ్మాయి పరిశోధకురాలైనా సరే, ఏం తేలిందో గ్రామసభలో స్త్రీల ముందు వాళ్ల భాషలో చెప్పాలి. వాళ్లు తప్పుపడితే వినాలి.

మీరు పనిచేసే ఊళ్లలో డిగ్రీ చదివే అమ్మాయిలున్నారు. నెట్ దరఖాస్తు తేదీలు వాళ్లకు చెప్పండి. తల్లిదండ్రులతో మాట్లాడండి. చేరేముందు గైడ్‌ను మూడు ప్రశ్నలు అడగమనండి: క్షేత్రంలో నాతో ఎవరుంటారు? వసతి, వాహనం ఎవరిస్తారు? ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? జవాబులు కాగితం మీద తీసుకోమనండి. మన సంస్థలు చెయ్యగల పని ఇది, రేపే మొదలుపెట్టవచ్చు.