నక్షత్ర చిత్రములు - సత్యశోధనము



పల్లెవారు గొల్లకావడి యని పిలుచు తారల చెంత నొక తేజోమేఘము కలదు. 1883లో లండను సమీపమున ఈలింగునందు ఆండ్రూ కామన్ అను ఇంజనీరు, ఖగోళశాస్త్రము వృత్తి కాకపోయినను, దాని ఛాయాచిత్రమును దీసెను. దుర్భిణితో జూచినను కంటి కందని తారలు అందు గానవచ్చెను.

నేటి ఔత్సాహికులు ఒక్క చిత్రముతో తృప్తి నొందరు. దుర్భిణికి మూత పెట్టి తీసిన చిత్రము కెమేరా దోషములను దెలుపును. తక్కిన చిత్రములనుండి వానిని తీసివేయుదురు. పిమ్మట ఆ చిత్రములను తారకు తార సరిపోవునట్లు పేర్చి సగటు కట్టుదురు. 16 చిత్రముల సగటున, నిలకడలేని మచ్చల దోషము నాల్గవ వంతునకు తగ్గును. తార మాత్రము నిలుచును. అటుపై మసక వెలుగును హెచ్చింతురు.

ఇచటనే ధర్మసూక్ష్మము కలదు. ఉన్న వెలుగును పైకి దెచ్చుట శోధనము. లేని వెలుగును జేర్చుట దొంగలెక్క. సత్యమును విడిచిన చిత్రము గోడకు అలంకారమగును గాని, జ్ఞానమునకు సాక్ష్యము కాజాలదు.