పగుళ్లు తీసే కెమెరాతో గురువుల ఫొటోలు
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సావనీరు కోసం మన ఉపాధ్యాయుల ఫొటోలు తీసే పని సంఘం నాకు అప్పగించింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నా చేతిలో కెమెరా ఉన్న మాట నిజమే. కానీ నేను తీసేవి వంతెనలు, స్తంభాలు, కాంక్రీటులో పగుళ్లు. పగులు పక్కన స్కేలు పెట్టి, వెలుగు ఒక పక్క నుంచి పడేలా చూసి తీస్తాం. పగులు స్పష్టంగా కనబడాలి కాబట్టి కంప్యూటర్లో కాంట్రాస్టు పెంచుతాం. మనిషి ముఖం నాకు కొత్త.

ఇలా కట్టడాల నుంచి మనుషుల వైపు వచ్చిన ఇంజనీరు ఒకాయన హైదరాబాదు చరిత్రలోనే ఉన్నారు. రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు, డ్రాయింగుల పని చేశారు. 1870లలో కెమెరా పట్టి, మధ్య భారతంలోని పాత కట్టడాలను తీసి పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాదులో పర్దా పాటించే స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ చేతుల్లో పెట్టారు. కట్టడానికి సిగ్గు, భయం ఉండవు. మనిషికి ముందు నమ్మకం కలగాలి. ఆ సంగతి ఆయన గ్రహించారు.

ఇక దిద్దుబాటు విషయం. అది కంప్యూటరుతో పుట్టింది కాదు. గాజు నెగెటివుల రోజుల్లోనే స్టూడియోల్లో సన్నగా చెక్కిన పెన్సిలుతో ముడతలు తగ్గించేవారు. ముడత నీడ నెగెటివులో పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిలు రుద్దితే ప్రింటులో తెల్లబడుతుంది. ఇప్పుడు మౌసుతో చేసేదీ అదే.

మన లెక్కల మాస్టారి ఫొటో రెండు రకాలుగా తయారుచేశాను. ఒకటి నా వృత్తి పద్ధతిలో: పక్క వెలుగు, నలుపు తెలుపు, ఎక్కువ కాంట్రాస్టు. రెండోది కిటికీ వెలుగులో, నీడలు తగ్గించి. రెండూ పట్టుకెళ్లి చూపించాను. మొదటిది చాలాసేపు చూసి, "ఇదీ నేనే. కానీ రెండోదే వెయ్యి నాయనా. మీకు పాఠం చెప్పిన రోజుల్లో నా ముఖం ఇలా లేదు కదా" అన్నారు.

మా వృత్తిలో తనిఖీ ఫొటో మార్చడం నేరంతో సమానం. పగులు దాచేస్తే ప్రాణాలు పోతాయి. అందుకే ఆలోచనలో పడ్డాను. చివరికి తేలింది ఇది: వంతెన ఫొటో దాని మీద నడిచే జనానిది. ముఖం ఫొటో ఆ ముఖం ఉన్నవారిది. కనుక ఈ సావనీరుకు మూడు నియమాలు పెట్టుకున్నాను. వెలుగు నీడలు సవరిస్తాను గానీ మచ్చ, నెరసిన జుట్టు చెరపను. గురువు ఒప్పుకున్న ఫొటోనే అచ్చుకు వెళుతుంది. ఏమీ మార్చని అసలు ఫైలు పేరు, తేదీతో బడి లైబ్రరీలో ఉంటుంది.

మీ అందరికీ ఒక మనవి. ఇళ్లలో ఉన్న గ్రూపు ఫొటోలు తీసుకురండి. స్కాన్ చేసి మళ్లీ మీ చేతికే ఇస్తాను. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, గీత ముందుకు పొంగుతుంది. మెత్తని పెన్సిలుతో పేర్లు రాయండి. వెలిసిపోయిన రంగు కొంతవరకు తిరిగి తేగలను. మరిచిపోయిన పేరు ఏ కంప్యూటరూ తేలేదు. మూడో వరుసలో ఎడమ నుంచి నాలుగో పిల్లాడెవరో చెప్పగల మాస్టార్లు, టీచర్లు ఈరోజు మన మధ్యే కూర్చున్నారు. ఈ పనిని వజ్రోత్సవం దాకా ఆపకండి.

సెలవు.