లెక్క చూసేవారు ఎంత దూరంలో ఉండాలి?

(వాడరేవు కార్తీక సమారాధన సభలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల వేళ దగ్గరపడింది కనుక క్లుప్తంగా మనవి చేస్తాను. నేను సహకార శాఖలో ఆడిటరుగా చేసి విరమించినవాణ్ణి. "కరోనా రోజుల్లో ఇళ్ళలో కూర్చుని ఆడిట్లు చేశారట, ఆ లెక్కలు నమ్మవచ్చా?" అని సభ్యులు కొందరు అడిగారు.

ఆడిట్ అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం 'వినడం'. పూర్వం లెక్కలు చదువుతుంటే ఎదురుగా కూర్చుని వినేవారు. ఈ తీరంలో బోట్లకు అప్పులిచ్చిన సంఘం లెక్క చూడాలంటే రిజిస్టరు చాలదు. ఇసుకలోకి దిగి బోటు మీది నంబరు చదవాలి. మామూలుగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం గనుక మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. అదే అదను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. లెక్కలు ముగించే మార్చి 31కి మిగిలింది ఆరు రోజులే. సరుకును వీడియోలో చూడటం, కాగితాలకు స్కాన్ కాపీలు తెప్పించుకోవడం తప్పనిసరి అయింది. ఫోను పట్టుకున్నవారు చూపించినదే కనబడుతుంది. వెనక వరుస బస్తాలో ఏముందో కనబడదు. ప్రశ్న వినగానే గుమాస్తా ముఖం మారినా తెలియదు.

అయితే దారులు లేకపోలేదు. తర్వాత వెళ్ళి సరుకు లెక్కించి, మార్చి 31 తర్వాత బయటకు పోయినది కలిపి, లోపలికి వచ్చినది తీసివేస్తే ఆనాటి నిల్వ తేలుతుంది. బ్యాంకు నిల్వ ధ్రువపత్రం మాత్రం సంస్థ చేతిమీదుగా కాక, బ్యాంకు నుంచే నేరుగా ఆడిటరుకు రావాలి.

ఈ మాట విలువ మన తెలుగువారికి తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రాసిన లేఖతో, పుస్తకాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేనేలేవని బయటపడింది. అప్పుడు కరోనా లేదు, రాకపోకలకు అడ్డు లేదు. బ్యాంకు ధ్రువపత్రాలను తమ అదుపులో తెప్పించుకోకపోవడం ఆడిటర్ల లోపమని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో తేల్చాయి.

కాబట్టి ఆడిటరు మనుషులకు దూరంగా, సరుకుకు దగ్గరగా ఉండాలి. కరోనాలో సరుకు దూరమైంది. సత్యంలో మనుషుల మీది నమ్మకం ముంచింది.

గ్రాట్యుటీ సొమ్ము డిపాజిట్లలో దాచుకున్న మనకు ఇది పరాయి విషయం కాదు. బ్యాంకు డిపాజిట్లకు బీమా 2020 ఫిబ్రవరి 4న లక్ష నుంచి 5 లక్షలకు పెరిగింది. ప్రాథమిక సహకార సంఘాల డిపాజిట్లకు ఆ రక్షణ లేదు. అందుచేత వార్షిక సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. ఆడిటరు స్వయంగా వచ్చారా? నగదు లెక్కించారా? డిపాజిట్ రసీదుల అసలు ప్రతులు చూశారా?

అడగటం అనుమానించడం కాదు. మన కోశాధికారిగారు కూడా ఆక్షేపించరని నమ్ముతూ, సెలవు తీసుకుంటున్నాను.